పేరు దాచుకునే హక్కు, గ్రూపును కాచుకునే బాధ్యత

(తల్లిదండ్రులు, కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు మాకు ఇచ్చిన అంశం ఒక ప్రశ్న రూపంలో ఉన్నది. "ఇంటర్నెట్టులో పేరు చెప్పకుండా రాసేవారిని అరికట్టడం ఎలా?" అని. ఆ ప్రశ్నలోనే ఒక తీర్పు ఇమిడి ఉన్నది. పేరు దాచుకున్నవాడు ఏదో తప్పు చేయడానికే దాచుకున్నాడని మనలో చాలామంది అభిప్రాయం. రెండేళ్ల క్రితం వరకు మా అభిప్రాయమూ అదే. అది ఎందుకు మారిందో చెప్పాలంటే, మా చేతుల మీదుగా జరిగిన ఒక తప్పును ఈ సభలో ఒప్పుకొనక తప్పదు.

మేము నలుగురం కలిసి కొన్నేళ్లుగా ఒక వాట్సాప్ గ్రూపు నడుపుతున్నాము. ముగ్గురు పురుషులం, ఒక సోదరి. స్కాలర్‌షిప్పుల గడువులు, మైనారిటీ గురుకులాల ప్రవేశ ప్రకటనలు, రక్తం కావలసినవారి వివరాలు, జనాజా నమాజు వేళలు, ఇవే అందులో ఎక్కువ. ఒకనాడు ఒక విద్యార్థిని మా సోదరికి విడిగా సందేశం పంపింది. తాను చదువుకునే కోచింగు కేంద్రంలో ఒక ఉద్యోగి ఆడపిల్లలతో అసభ్యంగా ప్రవర్తిస్తున్నాడనీ, మిగిలిన తల్లిదండ్రులను హెచ్చరించాలనీ, తన పేరు మాత్రం ఎక్కడా రాకూడదనీ కోరింది. మేము నలుగురం చర్చించుకొని, అమ్మాయి పేరు గానీ కేంద్రం పేరు గానీ లేకుండా, పిల్లలను ఒకసారి అడిగి తెలుసుకొమ్మని తల్లిదండ్రులకు ఒక చిన్న సందేశం రాసి, ఇషా నమాజు తరువాత గ్రూపులో పెట్టాము. పెట్టి, నిద్రపోయాము.

ఫజ్ర్‌కు లేచి చూసేసరికి మూడు వందలకు పైగా సందేశాలు. మొదట ఏ కేంద్రమని అడిగారు. తరువాత ఎవరి అమ్మాయి అని అడిగారు. నిజమే అయితే పేరు దాచుకోవడం దేనికని ఒకరు. మన సమాజాన్ని అప్రతిష్ట పాలు చేయడానికి ఎవరో పన్నిన పన్నాగమని మరొకరు. అర్ధరాత్రి దాటాక ఒకాయన ఊహించి ఒక పేరు రాశారు. ఇంకొకరు ఆ పేరుగల అమ్మాయి ఫోటోను ఎక్కడినుంచో తీసి పెట్టారు. తెల్లవారేలోగా ఆ స్క్రీన్‌షాట్ మరో రెండు గ్రూపులకు చేరింది. ఆ అమ్మాయికీ ఈ ఫిర్యాదుకూ ఏ సంబంధమూ లేదు. ఆమె అసలు ఆ కేంద్రంలో చదవడమే లేదు.

సందేశాలన్నీ తొలగించాము. ఆమె ఇంటికి వెళ్లి తలవంచుకొని కూర్చున్నాము. తల్లి మాకు టీ ఇచ్చి, "మీరు తీసేశారు సరే బాబూ, చూసినవాళ్లు చూశారు కదా" అన్నది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. తండ్రి మాత్రం ఎంసెట్‌కు నెలన్నర ముందు కూతురి చదువు మాన్పించాడు. ఆమె ఆ యేడు పరీక్ష రాయలేదు.

ఆ రాత్రి ఆ గ్రూపులో రాసినవారిలో పేరు దాచుకున్నవారు ఒక్కరూ లేరు. అందరూ తమ సొంత నంబర్లతో, తమ సొంత పేర్లతో రాసినవారే. జుమా రోజున మాతో భుజం కలిపి నిలబడేవారే. పేరు దాచుకొమ్మని కోరినది ఒక్క బాధితురాలే. ఆమె తప్పు చేయలేదు. పేర్లున్నవాళ్లం అందరం చేశాము. రాసినవారు రాసి చేశారు, మేము నిద్రపోయి చేశాము.

ఇక రెండవ వైపు. అజ్ఞాతం మన ఆడపడుచుల మీద ఆయుధమైన సందర్భాలు మనకు తెలియనివి కావు. 2021 జులైలో 'సుల్లీ డీల్స్' పేరుతో, 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' పేరుతో గిట్‌హబ్ అనే వేదికపై యాప్‌లు వెలిశాయి. ముస్లిం మహిళల ఫోటోలను వారి సొంత ఖాతాలనుంచి దొంగిలించి, వేలానికి పెట్టిన సరుకులా చూపించాయి. విలేకరులు, న్యాయవాదులు, విద్యార్థినులు, ఒక విమాన పైలట్, విశ్వవిద్యాలయంనుంచి కనిపించకుండా పోయిన కొడుకు కోసం ఏళ్ల తరబడి న్యాయస్థానాల చుట్టూ తిరుగుతున్న ఒక వృద్ధురాలు, మన హైదరాబాదులో సమాజసేవలోనే తల నెరసిన ఒక పెద్దమ్మ, అందరూ ఆ జాబితాలో ఉన్నారు. బయటకు వచ్చి నాలుగు మాటలు మాట్లాడిన స్త్రీ కావడమే వారి నేరం. ఆ తరువాత ఎందరు యువతులు తమ ఫోటోలు తీసివేశారో, ఎందరు ఖాతాలు మూసుకున్నారో లెక్క కట్టినవారు లేరు. మా ఇళ్లలోనే ముగ్గురు మూసుకున్నారు.

ఆ దుర్మార్గం చేసినవారు ముసుగు వేసుకున్న మాట నిజం. అంతేకాదు, బుల్లీ బాయి వ్యవహారంలో కొన్ని ట్విట్టర్ ఖాతాలకు సిక్కు పేర్లు పెట్టుకొన్నారని ముంబయి పోలీసులు బయటపెట్టారు. అంటే ముసుగును సైతం ఇంకొక మైనారిటీ ముఖంతో కుట్టించారు. సిక్కులకూ ముస్లిములకూ మధ్య చిచ్చు పెట్టడం కోసమే అలా చేశారని ఆనాడే చాలామంది అన్నారు.

అయినా ఈ కథలో ఒక సంగతి గమనించండి. మొదటి యాప్‌పై ఢిల్లీలో 2021 జులైలోనే కేసు నమోదయింది. ఆరు నెలలు ఒక్క అరెస్టూ లేదు. అజ్ఞాత వ్యక్తులు కదా, విదేశీ సంస్థ వేదిక కదా అని సమాధానం. రెండవ యాప్ వచ్చాక, దేశమంతటా గొడవ చెలరేగాక, ముంబయి పోలీసులు రంగంలోకి దిగి నాలుగు రోజుల్లోనే తొలి అరెస్టు చేశారు. ఆ వెంటనే ఉత్తరాఖండ్‌లో, అస్సాంలో నిందితులు దొరికారు. ఆరు నెలలుగా దొరకని మొదటి యాప్ నిందితుడు కూడా జనవరి రెండవ వారానికల్లా ఇండోర్‌లో దొరికాడు. ఎక్కువమంది ఇరవై ఏళ్లు అటూ ఇటూగా ఉన్న చదువుకున్న పిల్లలు, వారిలో ఒక యువతి కూడా ఉన్నది. జులైలో ఉన్న ముసుగే జనవరిలోనూ ఉన్నది. చట్టమూ అదే. మారినది వెతకాలన్న సంకల్పం ఒక్కటే. కనుక "అజ్ఞాతం వల్ల నేరస్థులను పట్టుకోలేకపోతున్నాము" అని అధికారులు చెప్పినప్పుడు, మనం తల ఊపి ఊరుకోకుండా, ఈ తేదీలను వారి ముందు పెట్టాలి.

ఇప్పుడు ప్రతి ఖాతాకూ ఆధార్ ముడిపెట్టమని మన సమాజంలోని పెద్దలే కొందరు అర్జీలు రాస్తున్నారు. వారి ఆవేదన మాకు అర్థమవుతుంది. కానీ ఆ మార్గంలో నడిచి చూసిన దేశం ఒకటి ఉన్నది. దక్షిణ కొరియాలో 2007నుంచి పెద్ద వెబ్‌సైట్లలో వ్యాఖ్య రాయాలంటే పౌర నమోదు సంఖ్యతో అసలు పేరు రుజువు చేసుకోవలసి వచ్చింది. దూషణ ఆగలేదు. 2011లో అక్కడి పెద్ద వేదికలనుంచి దాదాపు మూడున్నర కోట్లమంది వివరాలు దొంగల పాలయ్యాయి. ఆ దేశ జనాభా ఐదు కోట్లు మాత్రమే. మరుసటి ఏడు ఆగస్టులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధనను ఏకగ్రీవంగా కొట్టివేసింది.

అంత దూరం ఎందుకు, మన పాల్ఘర్‌ను గుర్తు తెచ్చుకోండి. 2012 నవంబరులో బాల్ ఠాక్రే మరణించినప్పుడు నగరం స్తంభించిపోవడాన్ని ప్రశ్నిస్తూ ఒక ముస్లిం యువతి ఫేస్‌బుక్‌లో నాలుగు వాక్యాలు రాసింది. ఆమె స్నేహితురాలు దాన్ని లైక్ చేసింది. ఇద్దరూ సొంత పేర్లతోనే చేశారు, ఏమీ దాచుకోలేదు. ఇద్దరినీ అరెస్టు చేశారు, ఆమె బంధువు ఆసుపత్రిని గుంపు ధ్వంసం చేసింది. ఆ అరెస్టులే ఐటీ చట్టంలోని 66ఎ సెక్షనును సుప్రీంకోర్టుకు చేర్చాయి, 2015 మార్చి 24న ఆ సెక్షను రద్దయింది. బలవంతుడు పేరు చెప్పుకొని మాట్లాడితే అది ప్రకటన అవుతుంది. బలహీనుడు పేరు చెప్పుకొని మాట్లాడితే అతని చిరునామా గుంపు చేతికి చిక్కుతుంది. అందరి ముసుగులూ ఒకేసారి తీసేయమంటే చలి ఎవరికి తగులుతుందో ఆలోచించవలసింది మనమే.

2021 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన ఐటీ నిబంధనలు, యాభై లక్షలకు పైగా వాడుకదారులున్న సందేశ వేదికలు ఒక సందేశాన్ని మొదట పుట్టించినది ఎవరో చెప్పగలగాలని కోరుతున్నాయి. వాట్సాప్ దీన్ని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. ఒకరిని గుర్తించాలంటే అందరి సందేశాలకూ గుర్తు వేయక తప్పదన్నది దాని వాదన. ఆ కంపెనీపై మాకు ప్రత్యేకమైన ప్రేమ ఏమీ లేదు. కానీ ఫిర్యాదు పంపిన మా విద్యార్థిని సందేశమూ ఆ గుర్తులలో ఒకటి అవుతుంది కదా అన్నదే మా భయం.

మరి పేరు లేని ప్రతి మాటనూ నమ్మాలా? ఇక్కడ మన విద్వాంసుల సంప్రదాయం మనకు చక్కని దారి చూపుతుంది. హదీసు శాస్త్రంలో ప్రతి ఉల్లేఖనానికీ చెప్పినవారి గొలుసు ఉంటుంది. ఎవరినుంచి ఎవరు విన్నారో పేరుపేరునా ఉండాలి. ఆ గొలుసులో ఒకరు 'మజ్‌హూల్', అంటే ఎవరో తెలియనివాడు అయితే, ఆ ఉల్లేఖనం బలహీనమని పక్కన పెడతారు. వార్తకు కొలబద్ద అది. వాట్సాప్‌లో మనం ఫార్వర్డ్ నొక్కిన ప్రతిసారీ ఆ గొలుసులో మనమూ ఒక రావీ అవుతున్నాము. "నాకు వచ్చింది, పంపాను" అనే మాట ఆ శాస్త్రంలో చెల్లదు. ఇక బాధితుని మొర వేరు. మొరపెట్టుకున్నవాని పేరు నలుగురికీ తెలియనవసరం లేదు, విచారించేవానికి తెలిస్తే చాలు. వార్తను నిర్ధారించుకొమ్మన్న ఆదేశమూ, ఇతరుల గుట్టు కూపీ లాగవద్దన్న ఆదేశమూ ఒకే సూరాలో, అల్ హుజురాత్‌లో, కొద్ది ఆయతుల దూరంలో ఉన్నాయి. ఆనాటి రాత్రి మా గ్రూపు రెండింటినీ కలిపి ఉల్లంఘించింది. వార్తను నిర్ధారించుకోలేదు, ఆడపిల్ల గుట్టు మాత్రం కూపీ లాగింది.

నిర్ధారించుకోని వార్త ఏం చేస్తుందో మన హైదరాబాదు కుటుంబం ఒకటి చవిచూసింది. 2018 జులై 13, శుక్రవారం. హైదరాబాదుకు చెందిన ఒక యువ ఇంజినీరు ఖతర్‌నుంచి వచ్చిన మిత్రునితో, మరి కొందరితో కలిసి పొరుగున ఉన్న బీదర్ జిల్లాకు వెళ్లాడు. దారిలో బడి పిల్లలకు చాక్లెట్లు పంచారు. పిల్లలను ఎత్తుకుపోయేవారని అనుమానం పుట్టింది. కారులో తప్పించుకొనిపోతుంటే వీడియో వారికంటే ముందు మూర్కి గ్రామానికి చేరింది. అక్కడ దారి అడ్డగించి కొట్టారు. ఆ యువకుడు ప్రాణం కోల్పోయాడు. అరెస్టయినవారిలో ఆ వీడియో తిరిగిన వాట్సాప్ గ్రూపు అడ్మిన్ కూడా ఉన్నాడు. అక్కడ కూడా ఎవరికీ ముసుగు లేదు. ఊరి గ్రూపులో అందరూ అందరికీ తెలిసినవారే. తెలిసినవాడు పంపాడు కాబట్టే నమ్మారు.

ఆ ఘటన జరిగిన వారం రోజులకే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి చేస్తామని ప్రకటించింది. 2020 ఏప్రిల్‌లో, పదేపదే ఫార్వర్డ్ అయిన సందేశాలను ఒక్కసారికి ఒక చాట్‌కే పరిమితం చేసింది. ఎవరి పేరూ అడగకుండా, ఎవరి సందేశమూ చదవకుండా చేసిన పని ఇది. వేగం తగ్గితే నిజానికి చెప్పులు తొడుక్కునే వ్యవధి దొరుకుతుంది. 2018లోనే గద్వాల, వనపర్తి ప్రాంతంలో పోలీసు అధికారి రెమా రాజేశ్వరి డప్పు చాటింపుతో, పాటలతో ఊరూరా తిరిగి పుకార్లపై పోలీసులచేత చెప్పించారు. అదీ ఒక మార్గమే. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి.

కంపెనీల సంగతి కూడా చెప్పుకోవాలి. పర్యవేక్షణ భారమంతా మన నెత్తిన వేసి అవి తప్పించుకోకూడదు. 2021లో బయటపడిన ఫేస్‌బుక్ అంతర్గత పత్రాలు, ద్వేషభాషను కనిపెట్టే యంత్రాంగం హిందీ, బెంగాలీలకే ఎంతో ఆలస్యంగా వచ్చిందని చూపించాయి. తెలుగులో బూతు తిట్టునూ, తెలుగు లిపిలో రాసిన దక్కనీ తిట్టునూ ఆ యంత్రం ఏపాటి గుర్తిస్తుందో ఫిర్యాదు చేసి విసిగినవారికి తెలుసు. 2020లో మరొక సంగతి వెల్లడయింది. గోషామహల్ శాసనసభ్యుడు రాజాసింగ్ పేరుతో ఉన్న ద్వేష వ్యాఖ్యలపై చర్య తీసుకోవాలని ఫేస్‌బుక్ ఉద్యోగులే తేల్చినా, సంస్థ భారత విభాగంలోని ఉన్నతాధికారి వ్యాపార కారణాలతో అడ్డుపడ్డారని అమెరికా పత్రిక వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. ఆ పేజీలు తనవి కావని ఆయన వాదన. కథనం వచ్చిన కొద్ది వారాలకు, సెప్టెంబరులో ఆయనపై ఫేస్‌బుక్ నిషేధం విధించింది. ఇది అజ్ఞాత వ్యక్తిపై ఫిర్యాదు కాదు. పేరూ పదవీ ఉన్న వ్యక్తి విషయంలోనే నియమం ఇంత నిదానించింది.

బాలాపూర్ ప్రాంతంలో తలదాచుకుంటున్న రోహింగ్యా కుటుంబాలను మీలో కొందరు చూసి ఉంటారు, రంజాన్‌లో వారికి రేషన్ చేర్చినవారూ ఇక్కడ ఉన్నారు. వారి దేశంలో ద్వేషం వ్యాపించడంలో ఫేస్‌బుక్ పాత్రను ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం 2018లో ఎత్తిచూపింది. అదే యేడు, వినోదం, సౌందర్యం వంటి అంశాల ముసుగులో నడిచిన పేజీల వెనుక మయన్మార్ సైన్యం ఉన్నదని కంపెనీయే అంగీకరించి వాటిని తొలగించింది. బర్మీ భాష చదవగల పర్యవేక్షకులు తొలి రోజుల్లో చేతి వేళ్లపై లెక్కపెట్టగలిగినంత మందే. ముసుగు వేసుకున్నది ప్రభుత్వ సైన్యమైనప్పుడు, గుర్తింపు కార్డు అడిగే చట్టం దాన్ని ఏం చేయగలదు? కార్డులు ముద్రించేది వారే కదా.

గ్రూపు అడ్మిన్ల సంగతి. సభ్యుడు రాసిన దానికి అడ్మిన్‌ను జైలులో వేస్తారన్న భయం మనలో బాగా ఉన్నది. ఆ భయంతో మంచి గ్రూపులు కొన్ని మూతపడ్డాయి. ఉమ్మడి ఉద్దేశం రుజువైతే తప్ప, సభ్యుడు పెట్టిన సందేశానికి అడ్మిన్‌ను నేరస్థునిగా చూడజాలమని బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2021లో చెప్పింది. కేరళ హైకోర్టు 2022లో అదే బాటలో తీర్పు ఇచ్చింది. కనుక భయపడి పారిపోవద్దు. అయితే, చట్టం విడిచిపెట్టింది గదా అని గ్రూపు పెట్టి నిద్రపోనూ వద్దు. ఆ తల్లి ఇచ్చిన టీ తాగి వచ్చిన తరువాత, హైకోర్టు తీర్పు మాకు ఏ ఊరటా ఇవ్వలేదు.

మేము మార్చుకున్న పద్ధతులు గొప్పవేమీ కావు. రాత్రి పదింటినుంచి ఫజ్ర్ వరకు అడ్మిన్లు తప్ప ఎవరూ రాయలేని విధంగా సెట్టింగు మార్చుతాము. మొదట్లో తిట్టారు, నలభై మంది దాకా వెళ్లిపోయారు, తరువాత చాలామంది తిరిగి వచ్చారు. మామూలు గ్రూపులో ప్రతి సభ్యుని ఫోన్ నంబరూ అందరికీ కనిపిస్తుంది. ఆ దారినే మా సోదరీమణులకు అర్ధరాత్రి సందేశాలు వెళ్లేవని ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు స్త్రీలు ఎక్కువగా ఉన్న విభాగాన్ని, నంబర్లు ఒకరికొకరికి కనిపించని ప్రకటనల గ్రూపుగా మార్చాము. ఫిర్యాదులు గ్రూపులోకి రావు. ఇద్దరు సోదరీమణులు విడిగా తీసుకుంటారు, వివరాలు విచారిస్తారు, అవసరమైతే న్యాయవాది దగ్గరికో, షీ టీమ్ దగ్గరికో తోడుగా వెళతారు. పేరు ఆ ఇద్దరి దగ్గరే ఉంటుంది. మిగిలిన మేము అడగము. అడిగితే చెప్పరు కూడా, అది మేమే పెట్టుకున్న నియమం. ఒకసారి మాలో ఒకరు ఉత్సుకత ఆపుకోలేక అడిగి చీవాట్లు తిన్నారు. ఆయన ఈ వేదిక మీదే ఉన్నారు, ఎవరో చెప్పము.

ఇంకా తేలని చిక్కులు ఉన్నాయి. పేరు చాటున వచ్చే ఫిర్యాదుల్లో పగతో పెట్టినవీ వస్తాయి. ఒక మదరసా ఉస్తాద్‌పై వచ్చినది నాలుగు రోజుల విచారణలో పూర్తిగా అబద్ధమని తేలింది. నేరుగా గ్రూపులో పెట్టి ఉంటే ఆయన బతుకు ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడ పుడుతుంది. ఎవరిని తొలగించాలి, ఎవరిని హెచ్చరించి వదలాలి అన్నదానిపై మాలో మేమే తగవులాడుకుంటాము. పార్టీల గొడవలు వచ్చినప్పుడు మరీను. ఒక సభ్యుణ్ణి తొలగిస్తే అతను మస్జిద్‌లో మాతో మాట్లాడటం మానేశాడు, సలాముకు జవాబు మాత్రం ఇస్తున్నాడు.

ఆనాటి ఆ అమ్మాయి మరుసటి యేడు పరీక్ష రాసి డిగ్రీలో చేరింది. మా గ్రూపులో మాత్రం చేరలేదు, మేమూ అడగలేదు. అసలు ఫిర్యాదు చేసిన విద్యార్థిని ఎవరో ఈనాటికీ మా ముగ్గురికీ తెలియదు.

ప్రస్తుతం ఫిర్యాదులు తీసుకునే సోదరీమణుల్లో ఒకరికి వచ్చే నెల కాన్పు. ఆమె స్థానంలో ఇద్దరు కావాలి. రోజుకు గంటసేపు ఫోను చూడగలిగి, విన్నది ఇంట్లో భర్తకు కూడా చెప్పకుండా ఉండగలిగినవారు. సభ ముగిశాక స్త్రీల వరుసల దగ్గర మా సోదరి ఉంటుంది. పేరు కాగితం మీద రాయనవసరం లేదు, ఆమెకు చెబితే చాలు.